హామీ ఇవ్వని దారి మీద

హైదరాబాద్ అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరిన విద్యార్థి మొదటి వారంలోనే ఓ జాబితా బట్టీ పట్టాలి. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ మోడల్‌లోని ఏడు లేయర్లివి. సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షైనా, క్యాంపస్ ఇంటర్వ్యూ అయినా, డిప్లొమా పేపర్లో పెద్ద ప్రశ్న అయినా ముందు అడిగేది ఇదే. తీరా ఉద్యోగంలో చేరాక సెషన్ లేయర్ పేరెత్తే సీనియర్ ఒక్కడూ కనిపించడు. సర్వర్ రూమ్‌లో అంతా టీసీపీ, ఐపీ, డీఎన్ఎస్, బీజీపీ అంటుంటారు.

ఎందుకిలా అయిందో తెలియాలంటే కాస్త చరిత్ర చూడాలి. ఓఎస్ఐ మోడల్‌ను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ప్రచురించింది. అప్పటికే, 1983 జనవరి 1న, అమెరికా రక్షణ శాఖ నెట్‌వర్క్ అర్పానెట్ పాత పద్ధతి వదిలేసి టీసీపీ/ఐపీకి మారిపోయింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ప్రభుత్వాలు, టెలిఫోన్ కంపెనీలు ఓఎస్ఐనే భుజాన వేసుకున్నాయి. కమిటీలు కూర్చున్నాయి, లావుపాటి పత్రాలు వచ్చాయి. ఈలోగా విశ్వవిద్యాలయాల్లో టీసీపీ/ఐపీ ఉచితంగా దొరికింది, పనిచేసింది, పాకిపోయింది. మార్కెట్లో ఓడిన మోడల్ మాత్రం క్లాస్‌రూమ్‌లో గెలిచింది.

దాన్ని పూర్తిగా తీసిపారేయాల్సిన పని లేదు. నెట్ ఆగిపోతే ఇంజినీర్లు ఇప్పటికీ ‘ముందు లేయర్ వన్ చూశావా’ అనే అడుగుతారు. అంటే కేబుల్ సరిగా ఉందా, లైటు వెలుగుతోందా అని. గొడవ ఎక్కడుందో వెతికే క్రమానికి ఆ అంకెలు బాగానే పనికొస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, ఏడు పేర్లు వల్లించినవాడికి అసలు సంగతి తెలియకుండానే కోర్సు అయిపోవచ్చు. ఇంటర్నెట్‌ను కట్టినవాళ్లు ఓ సాహసం చేశారు. మధ్యలో ఉండే నెట్‌వర్క్ దేనికీ పూచీ పడనక్కర్లేదు, బాధ్యతంతా రెండు చివర్లలో ఉన్న కంప్యూటర్లదే అని తీర్మానించుకున్నారు. మిగతా పాఠాలన్నీ ఈ తీర్మానం వెంట వచ్చినవే. కొన్ని దాని ఫలితాలు, కొన్ని దానికి వేసిన మాట్లు.

అంతకుముందు టెలిఫోన్ దీనికి సరిగ్గా తలకిందుల పద్ధతిలో నడిచేది. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూసిన తరం ఇంకా ఇళ్లలో ఉంది. లైను దొరికిందంటే విజయవాడ నుంచి ఢిల్లీ దాకా ఒక దారి మొత్తం ఆ ఇద్దరికే రిజర్వు అయిపోయేది. మాట్లాడినా వాళ్లదే, మౌనంగా ఉన్నా వాళ్లదే. మాటలకు అది సరిపోయింది. కంప్యూటర్ల తీరు వేరు. ఒక క్షణం కుప్పలుగా డేటా పంపి, తర్వాత నిమిషంపాటు కదలకుండా కూర్చుంటాయి. అలాంటి వాటికి దారి మొత్తం కట్టబెడితే ఎక్కువ సేపు ఖాళీగానే పడి ఉంటుంది.

దీనికి విరుగుడు ఒకరికొకరు తెలియని ఇద్దరికి విడివిడిగా తట్టింది. అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పాల్ బారన్ 1960ల మొదట్లో ఆలోచించింది అణుదాడి గురించి. కొన్ని కేంద్రాలు ధ్వంసమైనా మిగిలిన దారుల్లో సందేశాలు చేరాలంటే వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ ముక్క దారి అది వెతుక్కునేలా చేయాలన్నాడు. బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో డొనాల్డ్ డేవిస్‌కు యుద్ధంతో పని లేదు. ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకోవడం ఎలా అన్నది ఆయన లెక్క. ఆ ముక్కలకు ప్యాకెట్ అని పేరు పెట్టింది ఆయనే.

ఇంటర్నెట్‌ను అణుయుద్ధం కోసం కట్టారన్న కథ మన పత్రికల్లోనూ తరచూ కనిపిస్తుంటుంది. బారన్ పరిశోధన వరకు అది నిజం, అర్పానెట్ విషయంలో కాదు. అర్పానెట్‌కు డబ్బు ఇప్పించిన బాబ్ టేలర్ బాధ వేరే. పెంటగాన్‌లోని ఆయన ఆఫీసులో మూడు వేర్వేరు కంప్యూటర్లకు మూడు టెర్మినళ్లు ఉండేవి. దేని లాగిన్ దానిది, దేని ఆదేశాలు దానివి. ఒకదాని దగ్గర నుంచి లేచి ఇంకోదాని ముందు కూర్చోవాల్సి వచ్చేది. ఒక్క టెర్మినల్‌తో పని జరగదా అన్న విసుగులోంచి ప్రాజెక్టు పుట్టింది.

1969 అక్టోబరు 29 రాత్రి పదిన్నర ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి సందేశం బయల్దేరింది. చార్లీ క్లైన్ అనే విద్యార్థి ‘లాగిన్’ అని టైపు చేయబోయాడు. రెండు అక్షరాలు వెళ్లగానే అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. గంట తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే పని జరిగింది. పడిపోవడం, మళ్లీ పంపడం అన్న అలవాటు నెట్‌వర్క్‌కు తొలిరాత్రే అబ్బిందన్నమాట.

ప్యాకెట్‌ను దగ్గరగా చూస్తే అందులో పెద్ద రహస్యమేమీ ఉండదు. ఈథర్నెట్ మీద సాధారణంగా ఒక ప్యాకెట్ 1,500 బైట్లకు మించదు. అందులో మొదటి 20 బైట్లు, ప్యాకెట్లను గమ్యం వైపు పంపే ఐపీ అనే నియమావళి హెడర్. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోవాలి, లోపల ఉన్నది ఏ రకం సరుకు, హెడర్ చెడిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక చెక్‌సమ్ అందులో ఉంటాయి. టీటీఎల్ అనే అంకె కూడా ఉంటుంది. ప్యాకెట్ ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ను అక్కడే పారేస్తుంది. దారి తప్పిన ప్యాకెట్లు రౌటర్ల మధ్య కలకాలం గిరగిరా తిరగకుండా పెట్టిన కట్టడి ఇది. పెళ్లిలో తీసిన 5 ఎంబీ ఫోటో ఒకటి కుదించకుండా వాట్సాప్‌లో పంపితే అది ఇలాంటి ముక్కలు దాదాపు మూడున్నర వేలు అవుతుంది. ఏ ముక్క ఎక్కడ పోయినా, వెనకది ముందు వచ్చినా, ఒకటే రెండుసార్లు వచ్చినా ఐపీ పట్టించుకోదు. చేతనైనంత చేస్తుంది, అంతే.

ఇక ఇంట్లో సంగతి. గుంటూరులో ఒక ఇంట్లో ఫోన్ వైఫైకి కలిసిందనుకుందాం. దానికింకా అడ్రస్ లేదు, ఎవరిని అడగాలో తెలియదు. కాబట్టి అందరికీ వినిపించేలా ‘నాకో అడ్రస్ ఇస్తారా’ అని కేకేస్తుంది. డీహెచ్‌సీపీ అంటే ఇదే. రౌటర్ బదులిచ్చి 192.168.1.7 లాంటి నంబరు ఒకటి కొంతసేపటికి అద్దెకిస్తుంది. బయటికి పోవాలంటే 192.168.1.1 దగ్గరికి రావాలనీ, పేర్ల గురించి ఫలానా డీఎన్ఎస్‌ను అడగాలనీ చెబుతుంది. ఫోన్ మళ్లీ కేకేస్తుంది, ‘192.168.1.1 ఎవరు?’ అని. ఏఆర్‌పీ అంటే అది. రౌటర్ తన హార్డ్‌వేర్ నంబరైన మ్యాక్ అడ్రస్ చెబుతుంది. ఇందులో ఒక లొసుగుంది. ‘నేనే’ అని ఎవరు బదులిచ్చినా ఫోన్ నమ్మేస్తుంది. బస్టాండ్ వైఫైలో పక్కనున్నవాడు ఆ బదులిస్తే ఫోన్ డేటా అంతా వాడి ల్యాప్‌టాప్ మీదుగా పోతుంది. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల కోసం రాసిన నియమాలు కావడంతో అబద్ధమాడేవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఒకే గాలిని, ఒకే తీగను అందరూ ఎలా పంచుకోవాలన్నది ఇంకో పాత చిక్కు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో దీవుల మధ్య రేడియోతో అలోహానెట్ నడిపింది. ఎవరికి పంపాలనిపిస్తే వాళ్లు పంపేయడమే పద్ధతి. రెండు ఢీకొంటే రెండూ చెడిపోతాయి. అప్పుడు ఇద్దరూ ఎవరికి తోచినంత సేపు వాళ్లు ఆగి మళ్లీ పంపాలి. లెక్క కడితే ఆ ఛానెల్ సామర్థ్యంలో 18 శాతం మించి పనికొచ్చేది కాదు. జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం ‘పార్క్’లో బాబ్ మెట్‌కాఫ్ 1973లో దాన్నే తీగ మీదికి తెచ్చి ఈథర్నెట్ చేశాడు. పంపేముందు తీగ ఖాళీగా ఉందో లేదో వినాలి, పంపుతూ కూడా వినాలి అన్నది ఆయన చేర్చిన మెరుగు. ఇప్పటి ఆఫీసుల్లో ప్రతి కంప్యూటర్‌కూ స్విచ్ దాకా సొంత కేబుల్ ఉంది కాబట్టి ఢీకొనడాలు పోయాయి. గాల్లో మాత్రం పోలేదు. అపార్ట్‌మెంట్‌లో ముప్ఫై వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్‌లో కిక్కిరిసినప్పుడు సిగ్నల్ నిండుగా కనిపిస్తూనే వీడియో గిర్రున తిరుగుతుంది. కంపెనీ ప్లాన్ మార్చుకుంటే అది బాగుపడదు. రౌటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే బాగుపడవచ్చు.

అడ్రసుల కథ దగ్గర కాస్త ఆగాలి. ఇంటర్నెట్ రూపశిల్పుల లెక్క దారుణంగా తప్పింది ఇక్కడే. ఐపీ నాలుగో వెర్షన్‌లో అడ్రసుకు 32 బిట్లు కేటాయించారు. మొత్తం 429 కోట్ల 49 లక్షల చిల్లర అడ్రసులు. ప్రయోగంగా మొదలైన నెట్‌వర్క్‌కు అది కుబేరుడి ఖజానాలా కనిపించింది. మొదట్లో ఒక్కో అమెరికన్ సంస్థకు కోటీ అరవై లక్షలకు పైగా అడ్రసులు ఒకేసారి రాసిచ్చేశారు. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలో మిగిలిన చివరి దిమ్మెలు పంచేశారు. ఆసియాలో ఇంటింటికీ ఫోన్ చేరుతున్న సమయానికి గిడ్డంగి ఖాళీ.

అప్పటికే వాడుకలో ఉన్న మాటు పేరు నాట్. 192.168 తోనూ 10 తోనూ మొదలయ్యే అడ్రసులను ఎవరింట్లో వాళ్లు వాడుకోవచ్చు, బయట మాత్రం అవి చెల్లవు. ప్రపంచంలో కోట్ల ఇళ్లలో 192.168.1.7 ఉంది. గేటెడ్ కమ్యూనిటీకి వచ్చిన పార్సిళ్లన్నీ గేటు దగ్గర దించుకుని ఏది ఏ ఫ్లాటుదో పుస్తకంలో చూసి పంపే వాచ్‌మన్ చేసే పనే ఇంటి రౌటర్ చేస్తుంది. బయటికి పోయే ప్రతి ప్యాకెట్ మీదా ఇంటి అడ్రసు చెరిపి, తన అడ్రసు రాసి, ఏ సంభాషణకు ఇచ్చిన పోర్ట్ నంబరు ఎవరిదో పట్టికలో వేసుకుంటుంది. మొబైల్ కంపెనీల దగ్గర ఇది ఇంకో మెట్టు పైకెక్కింది. వేల మంది చందాదారులు ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక ఉంటారు. సైబర్ నేరం దర్యాప్తులో ఐపీ అడ్రసు ఒక్కటే పట్టుకుపోతే వేల పేర్లు వస్తాయి. పోర్ట్ నంబరు, సెకన్లతో సహా సమయం కూడా ఉంటే తప్ప మనిషి తేలడు.

అసలు మందు ఐపీ ఆరో వెర్షన్, అంటే ఐపీవీ6. దాని తొలి నిర్దేశం 1995 డిసెంబరులోనే వచ్చింది. 128 బిట్లు, అంటే 34 పక్కన 37 సున్నాలు పెడితే వచ్చేటన్ని అడ్రసులు. అయినా ముప్ఫై ఏళ్లయింది, ప్రపంచం ఇంకా పూర్తిగా మారలేదు. పాతదానితో కొత్తది నేరుగా మాట్లాడలేదు, రెండూ పక్కపక్కన నడపాలి. నాట్‌తో బండి నడుస్తుంటే ఖర్చు పెట్టేదెవరు? ఈ మార్పులో భారతదేశం ముందు వరుసలో ఉండటం చాలామందికి తెలియదు. 2016లో జియో మొదటి నుంచే ఐపీవీ6 తో నెట్‌వర్క్ కట్టుకోవడం దీనికి పెద్ద కారణం. పాత అడ్రసులు దండిగా ఉన్న దేశాలకు తొందర లేకపోయింది. అవి లేనివాళ్లే ముందుకు నడిచారు.

అంకెలు మనుషులకు గుర్తుండవు. అర్పానెట్ రోజుల్లో పేర్ల జాబితా అంతా ఒక్క ఫైలులో ఉండేది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ వస్తే వాళ్లకు చెప్పాలి, వాళ్లు ఫైలులో చేర్చాక మిగతావాళ్లంతా దాన్ని దించుకోవాలి. నెట్‌వర్క్ పెరిగేసరికి ఆ ఫైలు దించుకోవడమే భారమైంది. 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్ఎస్ రూపొందించాడు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం జాబితా ఉండదు. రూట్ సర్వర్‌కు డాట్ ఇన్ ఎవరిదో తెలుసు, డాట్ ఇన్ వాళ్లకు వాళ్ల కింది పేర్లు తెలుసు, ఆ పేర్ల యజమానులకు తమ లోపలి సంగతి తెలుసు. అడిగిన జవాబును కొంతసేపు దాచుకుంటారు కాబట్టి ప్రతిసారీ పైదాకా పోనక్కర్లేదు. ఇప్పుడు ఈ చెట్టులో తెలుగు లిపిలో డాట్ భారత్ అనే కొమ్మ కూడా ఉంది. దాన్ని వాడే సైట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కనిపిస్తాయి. సాంకేతికంగా లోటేమీ లేదు. చాలామంది తెలుగును కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు, మరి ఆ పేరు కొట్టేదెవరు?

పేరు తెలిసింది, అడ్రసు దొరికింది. దారి ఎవరు చెబుతారు? ఇంటర్నెట్ ఒక్క నెట్‌వర్క్ కాదు. కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు సొంతంగా నడిపే వేలకు వేల నెట్‌వర్కుల కలబోత. ‘ఈ అడ్రసులకు దారి నా దగ్గర ఉంది’ అని ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి పేరు బీజీపీ. 1989లో ఒక సమావేశం భోజన విరామంలో కర్క్ లాహీడ్, యాకోవ్ రెఖ్టర్ దాని ముసాయిదాను చేతికందిన న్యాప్‌కిన్ల మీద గీశారు. ఆ గీతల వారసత్వమే ఇప్పటికీ ప్రపంచాన్ని నడుపుతోంది. చెప్పినవాడి మాట నమ్మడమే దాని ప్రాణం.

ఆ నమ్మకం ఎంత పలుచనో 2008 ఫిబ్రవరి 24న తేలింది. పాకిస్థాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను అడ్డుకోమని ఆదేశించింది. పాకిస్థాన్ టెలికాం దేశం లోపల యూట్యూబ్ అడ్రసులకు దొంగ దారి ఒకటి పెట్టింది. పొరపాటున ఆ ప్రకటన సరిహద్దు దాటి హాంకాంగ్ కంపెనీ ఒకదాని ద్వారా లోకమంతా పాకింది. యూట్యూబ్ తన దిమ్మెను 1,024 అడ్రసుల ముక్కగా ప్రకటించుకుంటే పాకిస్థాన్ ప్రకటన అందులోని 256 అడ్రసుల చిన్న ముక్కకు. రౌటర్లు ఎప్పుడూ మరింత నిర్దిష్టమైన దారికే మొగ్గుతాయి. దాంతో ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ కోసం బయల్దేరిన ప్యాకెట్లు పాకిస్థాన్ వైపు పరుగెత్తి అక్కడ మాయమైపోయాయి. సర్దుకోవడానికి దాదాపు రెండు గంటలు పట్టింది.

2021 అక్టోబరు 4 మనవాళ్లకూ గుర్తుంటుంది. రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయింది. ఫోన్లు ఆపి వేసినవాళ్లు, వైఫైని తిట్టినవాళ్లు, కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసినవాళ్లు ఎందరో. తప్పు వాళ్లెవరిదీ కాదు. వాట్సాప్ యజమాని ఫేస్‌బుక్ తన వెన్నెముక నెట్‌వర్క్ సామర్థ్యం పరీక్షించబోయి ఒక ఆదేశంతో దాన్నే తెంచుకుంది. డేటా సెంటర్లతో సంబంధం తెగిన డీఎన్ఎస్ సర్వర్లు, తామే ఆరోగ్యంగా లేమనుకుని, బీజీపీలో తమ దారులను ఉపసంహరించుకున్నాయి. సర్వర్లు నిక్షేపంగా ఉన్నాయి, వాటికి దారి చెప్పేవాళ్లు లేరు. బాగుచేయాల్సిన ఇంజినీర్ల పరికరాలు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడటంతో ఆరు గంటలు పట్టింది. డీఎన్ఎస్, బీజీపీ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని వేలాడుతున్నాయో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం దొరకదు. అయినా మన సిలబస్‌లలో ఓఎస్ఐకి ఇచ్చిన పేజీల్లో పావు వంతు కూడా బీజీపీకి ఇవ్వరు.

పూచీ పడని ఐపీ మీద నమ్మకంగా పని నడిపేది టీసీపీ. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పత్రం దీనికి మూలం. పని వివరం తేలికే. ప్రతి బైటుకూ వరస నంబరు వేయాలి. అవతలివాళ్లు ‘ఇక్కడిదాకా అందింది’ అని చెబుతూ ఉండాలి. చెప్పకపోతే మళ్లీ పంపాలి. వరస తప్పి వచ్చినవాటిని సర్ది అప్లికేషన్‌కు అందించాలి. ఇక్కడిదాకా పరీక్షలో రాయడానికి సరిపోతుంది. అసలు తెలివి ఎంత వేగంగా పంపాలో తెలుసుకోవడంలో ఉంది. అది టీసీపీ పుట్టినప్పుడు దానికి లేదు, దెబ్బ తిన్నాక వచ్చింది.

1986 అక్టోబరు. లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీకీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ఆవరణకూ మధ్య దూరం 400 గజాలు. ఆ రెండింటి మధ్య డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు ఐదు అక్షరాలు, మామూలు టైపిస్టు వేగం. వాన్ జాకబ్‌సన్ కారణం వెతికాడు. దారిలో రద్దీ పెరిగి ప్యాకెట్లు పోతున్నాయి. పోయాయని ప్రతి కంప్యూటరూ వాటిని మళ్లీ పంపుతోంది. దాంతో రద్దీ ఇంకా పెరుగుతోంది. ప్రతి ఒక్కరూ నియమం ప్రకారమే నడిచారు, ఊరంతా కలిసి దారి మూసేశారు.

1988లో ఆయన ప్రచురించిన పరిష్కారంలో కొత్త పరికరం లేదు, మధ్యలో పోలీసు లేడు. పోయిన ప్యాకెట్‌ను దారి ఇరుకుగా ఉందన్న కబురుగా తీసుకోవాలి, వేగం ఒక్కసారిగా తగ్గించాలి, మళ్లీ మెల్లగా పెంచాలి. మొదలుపెట్టేటప్పుడు కొన్ని ప్యాకెట్లతో మొదలుపెట్టి, జవాబులు వస్తున్నకొద్దీ రెట్టింపు చేస్తూ పోవాలి. యూట్యూబ్ వీడియో మొదటి క్షణాల్లో మసకగా ఉండి తర్వాత తేటపడటానికి ఈ నెమ్మది ఆరంభం కూడా ఒక కారణం. ప్రపంచంలోని కోట్లాది కంప్యూటర్లు ఎవరూ అజమాయిషీ చేయకుండానే స్వచ్ఛందంగా తగ్గడం వల్లే ఇంటర్నెట్ రోజూ కుప్పకూలకుండా ఉంది. కంప్యూటర్ శాస్త్రంలో ఇంత తక్కువ కోడ్‌తో ఇంత పెద్ద మేలు చేసిన పని అరుదు.

అన్నిటికీ ఇంత జాగ్రత్త అక్కర్లేదు. డాలస్‌లోని మనవడితో అమ్మమ్మ వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే పోయిన మాటను రెండు సెకన్ల తర్వాత తెచ్చిస్తే ఎవరికి కావాలి? అందుకే కాల్స్ సాధారణంగా యూడీపీ మీద నడుస్తాయి. పోయింది పోయిందే. వినిపించకపోతే అమ్మమ్మే ‘ఏంటి నాన్నా, మళ్లీ చెప్పు’ అంటుంది. టీసీపీ చేసే పనే అది, ఇక్కడ మనిషి చేస్తున్నాడు.

మాట ఆలస్యంగా వినిపించడానికి మాత్రం ఏ నియమమూ మందు కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ నేరుగా కొలిచినా సుమారు 13 వేల కిలోమీటర్లు. పోయి రావడానికి తక్కువలో తక్కువ 130 మిల్లీసెకన్లు. కేబుళ్లు నేరుగా పోవు, సముద్రాలు చుట్టి వస్తాయి, మధ్యలో రౌటర్లు ఆపుతాయి. పోయి వచ్చే సమయాన్ని పింగ్ ఆదేశంతో కొలిచి చూస్తే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ‘వంద ఎంబీపీఎస్ తీసుకున్నాం, అయినా గేమ్ లాగ్ అవుతోంది’ అనే ఫిర్యాదు ఇక్కడిదే. బ్యాండ్‌విడ్త్ కొనుక్కోవచ్చు, దూరాన్ని కొనలేం. అందుకే పెద్ద కంపెనీలు వీడియోల నకళ్లు ముంబై, చెన్నై, హైదరాబాద్‌లలోనే పెట్టుకుంటాయి.

సముద్ర కేబుళ్లు మన దేశంలో ఎక్కువగా ముంబై, చెన్నైల దగ్గర ఒడ్డెక్కుతాయి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగితే భారతదేశంలో నెట్ నత్తనడక నడిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది. అందులో సముద్ర కేబుళ్లకు కొత్త ద్వారం కూడా ఉంది. వార్తలన్నీ ఏఐ చుట్టూ తిరిగాయి గానీ, నెట్‌వర్క్ దృష్టితో చూస్తే తూర్పు తీరంలో చెన్నైకి తోడు ఇంకో రేవు రావడమే ముఖ్యమైన సంగతి. దారులు ఒకటికి రెండుంటే ఒకటి తెగినా బతకొచ్చన్నది పాల్ బారన్ నాటి లెక్కే.

వీధిలోకి వస్తే ఆ గాజు తీగ కరెంటు స్తంభాల మీద వేలాడుతూ కనిపిస్తుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కాలువలు తవ్వకుండా విద్యుత్ స్తంభాలనే ఆసరా చేసుకుని ఊళ్లకు చేరింది. తక్కువ ఖర్చు, తక్కువ సమయం. గాలివానకు తేలిగ్గా చిక్కడం దాని మూల్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు స్తంభాలు, టవర్లు పడిపోయి నగరం ఫోన్లు లేకుండా రోజులు గడిపింది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపులో కరెంటు షాక్ తగిలి పలువురు చనిపోయాక, విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను ఎక్కడికక్కడ కోసేశారు. ఎన్నో ఇళ్లలో నెట్ పోయింది, గొడవ హైకోర్టుకు చేరింది. కేబుళ్లు అడ్డదిడ్డంగా వేలాడటం నిజమే, వాటి మీద వేలమంది ఉద్యోగాలు వేలాడటమూ నిజమే.

తెగిన ఫైబర్‌ను అతికించడం చూడదగ్గ పని. లోపలి గాజు పోగు మందం 125 మైక్రాన్లు, వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే. కేబుల్ అబ్బాయి పైతొడుగు ఒలిచి, పోగును స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో కొసను నున్నగా కోసి, రెండు కొసలను స్ప్లైసింగ్ మెషీన్‌లో ఎదురెదురుగా పెడతాడు. చిన్న తెరమీద రెండు కొసలూ పెద్దవిగా కనిపిస్తాయి. మెషీన్ వాటిని సర్ది, చిటుక్కున నిప్పురవ్వతో కరిగించి కలుపుతుంది. ఎంత వెలుగు నష్టపోయిందో డెసిబెల్స్‌లో చూపిస్తుంది. ఎక్కువైతే కోసి మళ్లీ మొదలు. వీధి చివర స్ప్లిటర్ ఒక్క పోగులోని వెలుగును 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఇంట్లో పెట్టెకు వెలుగు అందకపోతే ఎర్ర లైటు వెలుగుతుంది. ‘ఎర్ర లైటు వస్తోందన్నా’ అని ఫోన్ చేసే గృహిణి లేయర్ వన్ లోపాన్ని ఇంజినీరంత కచ్చితంగా చెప్పినట్టే.

భద్రత మాత్రం మొదటి నక్షాలో లేదు, తర్వాత అతికించుకున్నదే. చాలా కాలం పాస్‌వర్డులు కూడా దారిలో ఎవరైనా చదివేలా పోయేవి. డేటాను రహస్య లిపిలో పంపే, బ్యాంకు సైట్లకు పరిమితమైన హెచ్‌టీటీపీఎస్ అందరికీ చేరింది ఇటీవలే. 2013లో అమెరికా నిఘా గుట్టు బయటపడటం ఒక కుదుపు, 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దానికి కావాల్సిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడం మరొకటి. ఇప్పుడు మధ్యలోవాళ్లకు ఎక్కడికి పోతున్నామో కొంత తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. ‘తాళం గుర్తు ఉంది కాబట్టి సైటు మంచిది’ అనుకోవడం మాత్రం పొరపాటు. దారి భద్రంగా ఉందనే ఆ గుర్తు చెబుతుంది. అవతల కూర్చున్నది దొంగ అయినా దారి భద్రంగానే ఉంటుంది. నకిలీ బ్యాంకు లింకులతో మోసపోయినవాళ్లలో చాలామంది చూసింది తాళం గుర్తున్న పేజీనే.

చాలా పాఠ్యపుస్తకాలు ఇంకా అందుకోని మలుపు ఒకటుంది. బాధ్యత చివర్లదేనన్న పాత సూత్రాన్ని నాట్ పెట్టెలు, ఫైర్‌వాల్స్ కొన్ని దశాబ్దాల్లో మెల్లగా కొరికేశాయి. మధ్యలో ఉన్న ప్రతి పెట్టె టీసీపీ హెడర్‌లోకి తొంగిచూసి, తనకు తెలియనిది కనిపిస్తే ఆపేస్తుంది. దాంతో టీసీపీలో కొత్త మార్పు తేవడం దాదాపు అసాధ్యమైంది. గూగుల్ 2012లో మొదలుపెట్టి 2021లో ప్రమాణంగా మారిన క్విక్ అనే కొత్త పద్ధతి ఈ అడ్డును పక్కనుంచి దాటింది. పైకి మామూలు యూడీపీ ప్యాకెట్‌లా కనిపిస్తుంది. వరస నంబర్లు, మళ్లీ పంపడం, వేగం తగ్గించడం, రహస్య లిపి, అన్నీ లోపల దాచుకుంటుంది. ఆ పనులన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అప్లికేషన్‌లోకి వచ్చేశాయి. ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్ అని గీసిన గీతలు ఇక్కడ కలిసిపోయాయి.

ఇంట్లో వైఫైలో వీడియో చూస్తూ గేటు దాటి ఆటో ఎక్కిన మనిషి ఫోన్ మొబైల్ డేటాకు మారుతుంది, అడ్రసు మారుతుంది. టీసీపీ అయితే కనెక్షన్ తెగి మళ్లీ మొదలవ్వాలి, ఎందుకంటే దానికి రెండు చివర్ల అడ్రసులు, పోర్టులే గుర్తింపు. క్విక్ కనెక్షన్‌కు సొంత గుర్తింపు నంబరు ఉంటుంది. అప్లికేషన్ ఆ వసతి వాడుకుంటే అడ్రసు మారినా సంభాషణ సాగిపోతుంది. టెలికాం కంపెనీల ఇంజినీర్లు దీన్ని పూర్తిగా ఇష్టపడటం లేదు. తమ తీగల మీద ఏం నడుస్తోందో, ఎక్కడ ప్యాకెట్లు పోతున్నాయో కొలిచే వీలు తగ్గిపోయిందన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ గొడవ ప్రమాణాల సమావేశాల్లోనూ రాజుకుంది. ఎంత ఆలస్యం అవుతోందో బయటివాళ్లు కొలుచుకోవడానికి ప్యాకెట్ హెడర్‌లో ఒకే ఒక్క బిట్ వదిలిపెట్టడానికి చాలా వాదన తర్వాత ఒప్పుకున్నారు. దాన్ని వాడాలా వద్దా అన్నది మళ్లీ చివర్ల ఇష్టమే.